వ్యాను కావాలంటే రెండు నొక్కండి

రాజోలు,
జూన్, మంగళవారం

ఒసే దుర్గా, ఎలా ఉన్నావే?

ముందు నన్ను తిట్టకు. నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూనే ఉన్నాను, కాయ రేటు పడిపోయి, పనివాళ్లు పెళ్లిళ్లకి పోయి, నా తల తిరిగిపోయిందనుకో. ఇప్పుడు కూడా కొట్లో కొబ్బరికాయల గుట్ట పక్కన కూర్చుని ఫోన్లో టకటకా కొట్టేస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో. మీ షార్జాకి వాట్సాప్ కాల్ వెళ్లదు కాబట్టి బతికిపోయావు, లేకపోతే ఇదంతా నీ చెవిలో పోసేదాన్ని.

అసలు విషయం ఏంటంటే మా కొట్టు ల్యాండ్‌లైను చచ్చిపోయింది. రోడ్డు వెడల్పు చేస్తూ తీగ తెంపేసేరు, ఇంక కొత్త తీగ వెయ్యరంట. మా మావగారి నాటి నంబరే అది! బెంగుళూరు పార్టీలు, రాజస్థాన్ పార్టీలు అందరి దగ్గరా అదే ఉంది. అది పోతే ఈ కొట్టు ఉన్నట్టు ఎవరికి తెలుస్తుంది? ఇంటర్నెట్ ఫోను పెట్టుకుంటే పాత నంబరే ఉంటుందంట. అమలాపురం నుంచి నాగసతీష్ గారని ఒకాయన వచ్చేరు. పెట్టె కొనుక్కుంటే ఒక లెక్కంట, పెట్టె లేకుండా మన ఫోన్లలోనే ఆప్ వేసుకుంటే ఇంకో లెక్కంట, ఎంతమంది వాడితే అంతమందికీ నెలనెలా కట్టాలంట. చవగ్గా చెప్పండి బాబూ అంటే ఇంకో నాలుగు రకాలు చెప్పేరు. నాకు బుర్ర పని చెయ్యడం మానేసింది. నువ్వు అక్కడ పళ్ల డాక్టర్ల ఆస్పత్రిలో పొద్దస్తమానం ఫోను దగ్గరే కూర్చుంటావు కదా. ఏది తీసుకోమంటావో చెప్పు.

మీ బావగారికి ఇదేం ఇష్టం లేదు. “మన దింపువాళ్లకి మిస్డ్ కాల్ చాలు కదే” అంటారు. మన పద్ధతి నీకు తెలుసు కదా, చెట్లెక్కేవాళ్లు తోటలో కాయ దింపేసి కిందకి దిగేక కొట్టుకి ఒక మిస్డ్ కాల్ ఇస్తారు, వ్యాను పంపమని. రెండిస్తే కాయ ఎక్కువుందని. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా డబ్బులు పడవురా అని చెప్పినా ఆ అలవాటు పోలేదు. వాళ్లలో మీ తమ్ముడు అంజిబాబు అయితే మిస్డ్ కాల్‌తోనే కాపురం చేసేస్తాడు. మధ్యాహ్నం భోజనాలయ్యేక కూడా ఎవరి దగ్గర్నుంచైనా రాలేదనుకో, మీ బావగారు బండేసుకుని ఆ తోటకి వెళ్లి చూసొస్తారు. చెట్టు మీద పని కదా.

మీ అమ్మ, అచ్చాయమ్మ పిన్ని, బాగుంది. నీకు పూతరేకులు పంపుతానంటే ఎవరూ తీసుకెళ్లడం లేదని గోల. తొందరగా రాయి.

నీ రమణి

*

షార్జా,
జూన్, శుక్రవారం

రమణీ,

నీ ఉత్తరం బస్సులో చదువుతూ ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే పక్కన కూర్చున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి జరిగి కూర్చుంది.

పెట్టె కొనకు. పాడైతే అమలాపురం నుంచి ఆయన వచ్చేదాకా దానికి దణ్ణం పెట్టుకుంటూ కూర్చోవాలి. నెలవారీ తీసుకో, ఇద్దరికి చాలు, నీకొకటి, వ్యాను డ్రైవరుకొకటి. పాత నంబరు ఇస్తామని కాగితం మీద రాయించుకో. కరెంటు పోతే నెట్టు పోతుంది, నెట్టు పోతే ఫోను పోతుంది, కాబట్టి ఆ నెట్టు డబ్బాకి చిన్న బ్యాటరీ పెట్టించు. ఏడాదికి ఒకేసారి కట్టమంటారు, కట్టకు, ముందు ఈ వానాకాలం ఎలా పని చేస్తుందో చూడు.

ముఖ్యమైనది ఇది. మొదటి రింగుకే మెషీను ఎత్తేలా పెట్టించు. ఎత్తగానే స్వాగతం చెప్పి, దేనికి ఏ అంకె నొక్కాలో చెప్తుంది, నొక్కితేనే మీ ఫోన్లు మోగుతాయి. ఏదీ నొక్కకపోతే బీప్ కొట్టి వాళ్లు చెప్పింది రికార్డు చేస్తుంది. ఇక్కడ మా మేనేజరు ఒకటే మాటంటాడు, ఎత్తని ఫోను అంటే వేరే ఆస్పత్రికి పోయిన పేషెంటు అని. ఇంక మీ కొట్లో మిస్డ్ కాల్ అన్న మాటే ఉండకూడదు. ఎన్నాళ్లే ఆ పద్ధతి? బావగారికి నేను చెప్పేనని చెప్పు.

ఆ స్వాగతం మాటలు ఎవరో ఊరూపేరూ లేని గొంతుతో పెట్టించకు. నేనే చదివి పంపుతాను. ఇన్నేళ్లు ఇదే పని కదా, నాకంటే బాగా ఎవరు చెప్తారు?

ఇక్కడ అంతా బాగానే ఉంది. నాకు ఈ మధ్య ఫోన్లు తక్కువ, కొంచెం ఖాళీయే.

దుర్గ

*

రాజోలు,
జూలై

దుర్గమ్మగారండీ, ఆయ్, నమస్కారమండీ!

నీకు తెలీదు గానీ నువ్విప్పుడు రాజోలులో పెద్దమనిషివి. నువ్వు చెప్పిన రకమే తీసుకున్నాం, మిగతావాటన్నిటికంటే అదే చవక. నాగసతీష్ గారు పొద్దున్న వచ్చి సాయంత్రానికి పెట్టేసేరు. నీ గొంతు వింటే నాకే ఒళ్లు జల్లుమంది. “నమస్కారమండీ, వీరబాబు కొబ్బరికాయల వర్తకానికి స్వాగతం. కాయ కొనాలంటే ఒకటి నొక్కండి, వ్యాను కావాలంటే రెండు నొక్కండి. ఏదీ తెలీకపోతే బీప్ తరవాత చెప్పండి, మేం వింటాం.” అబ్బ, ఎంత బాగా అన్నావే!

బెంగుళూరు పార్టీ ఫోన్ చేసి, ఆఫీసు పెట్టేరా అమ్మా అన్నాడు. మీ బావగారు మీసం సర్దుకున్నారు.

దింపువాళ్ల గొడవే చెప్పాలి. మొదటి రోజు అందరూ అలవాటుగా మిస్డ్ కాల్ ఇద్దామని కొట్టేరు. ఒక రింగు పడేలోపే నువ్వు ఎత్తేస్తావు కదా, ఉలిక్కిపడి పెట్టేసేరు. సాలమోను అయితే సాయంత్రం వచ్చి “ఎవరో ఆడమనిషి ఎత్తుతున్నారండీ, మీ ఇంట్లో చుట్టాలొచ్చేరా?” అంటాడు. రెండు నొక్కరా నాయనా అంటే “ఆయ్” అంటాడు, నొక్కడు. ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ నొక్కట్లేదు. ఇంక మీ బావగారితో పోట్లాడి ఒక పద్ధతి పెట్టేను. ఎవరు ఫోన్ చేసినా చెయ్యకపోయినా మధ్యాహ్నం మూడింటికి వ్యాను బయల్దేరి తోటలన్నీ ఒక చుట్టు చుట్టేస్తుంది. ఎవర్నీ కనిపెట్టుకుని కూర్చోనక్కర్లేదు, మీ బావగారు బండేసుకుని తోటలకి వెళ్లక్కర్లేదు. ఎంత హాయిగా ఉందో.

మీ అంజిగాడి సంగతి వింటే నువ్వు ఏడుస్తావు, నవ్వుతావు. వాడు నంబరేమీ నొక్కడు. చెట్టు దిగి ఫోన్ కొట్టి, నువ్వు చెప్పేదంతా శ్రద్ధగా విని, బీప్ కొట్టేక “దిగేనక్కా” అని చెప్పి పెట్టేస్తాడంట. రోజూ! “అది రికార్డురా” అంటే “తెలుసులే రమణక్కా. అయినా చెప్తే వ్యాను వస్తోంది కదా” అంటాడు. వ్యాను మూడింటికి ఎలాగూ వస్తుందని వాడికి ఎక్కించలేక ఊరుకున్నాను. పిన్ని కూడా వాడి ఫోన్లోంచి చేయించుకుని నీ గొంతు వింటోందంట. నువ్వు ఫోన్ చేసే శుక్రవారం దాకా ఆగక్కర్లేదని.

నువ్వు ఇక్కడే ఉన్నట్టుంది.

రమణి

*

షార్జా,
జూలై

రమణీ,

అంజి సంగతి చదివి నిజంగానే ఏడిచేను. చిన్నప్పుడు కూడా అంతే వాడు, సైకిలు మీద వెళ్లి సందు చివర్నుంచి “వచ్చేసేనక్కా” అని అరిచేవాడు, నాకు చెప్తే తప్ప వాడు వచ్చినట్టు కాదు.

ఒక్క మాట. ఆ బీప్ తరవాత మాటలు ఏదో మెయిల్‌కి పోతాయి. రోజూ సాయంత్రం ఆ మెయిల్ తెరిచి వింటున్నావా? పార్టీలు కూడా అందులో చెప్పుంటారు. మర్చిపోకు.

వానలు మొదలయ్యేయంట కదా. వాడిని తడి చెట్లు ఎక్కొద్దని చెప్పు. నేను చెప్తే నవ్వుతాడు.

దుర్గ

*

రాజోలు,
ఆగస్టు

దుర్గా,

ఆలస్యానికి ఏమనుకోకు. ఇక్కడ ఒకటే వాన. అంజిబాబు గోదారి లంకలో తోట దింపుతూ కాస్త జారేడు. కాలికి దెబ్బ తగిలింది. అమలాపురం తీసుకెళ్లి చూపించేం. మీ మరదలు భవాని వాడి దగ్గరే ఉంది. నువ్వు కంగారు పడకు, మేమందరం ఉన్నాం. కొట్లో పని ఎక్కువగా ఉంది, తరవాత వివరంగా రాస్తాను.

రమణి

*

షార్జా,
ఆగస్టు

రమణీ,

ఇది నువ్వు రాసిన ఉత్తరమేనా? నువ్వు కాయ రేటు రాయడానికే పేజీ నింపుతావు. నా తమ్ముడు పడ్డాడని చెప్పడానికి ఇంతేనా రాసేది?

అమ్మకి ఫోన్ చేసేను. ముందు బాగానే ఉన్నాడంది. తరవాత కాకినాడ అంది. కాకినాడ ఎందుకమ్మా అంటే ఫోను భవానికి ఇచ్చేసింది. భవాని ఒకటే ఏడుపు. నీకు చేస్తే నువ్వు ఎత్తట్లేదు. కొట్టు నంబరుకి చేస్తే నా గొంతే నాకు స్వాగతం చెప్తోంది. రెండుసార్లు చేసేను. మూడోసారి చెయ్యలేకపోయేను.

కాలికి దెబ్బ తగిలితే కాకినాడ ఎందుకు తీసుకెళ్తారు? ఎప్పుడు పడ్డాడు, ఎవరు చూసేరు? భోజనాలయ్యేక ఫోను రాకపోతే బావగారు బండేసుకుని వెళ్తారు కదా, వెళ్లేరా? నాకు నిజం కావాలి. నా మీద జాలిపడి ఏదీ దాచకు. నువ్వు దాస్తే నాకు అక్కడ ఇంకెవరున్నారే?

దుర్గ

*

రాజోలు,
ఆగస్టు, ఆదివారం

దుర్గా,

ఫోన్ ఎత్తితే మాట్లాడలేను. రాస్తాను. రాసి, చదువుకోకుండా పంపేస్తాను.

కాలు కాదే. నడుం. వెన్నుపూస విరిగింది. కాకినాడలో ఆపరేషన్ చేసేరు. నడుం కింద తెలీట్లేదు వాడికి. డాక్టరుగారు ఇంక చూద్దాం అన్నారు, ఆయన మొహం చూస్తే నాకు అర్థమైపోయింది.

ఆ రోజు పొద్దున్న ఎండే. లంకలో చిన్న తోట, ఒక్కడే వెళ్లేడు. ఆఖరి చెట్లు ఎక్కేటప్పటికి మబ్బు పట్టిందంట. పట్టుకున్న మట్ట ఊడి చేతిలోకి వచ్చేసింది. కింద పడ్డాడు, వాన మొదలు. మూడింటికి వ్యాను బయల్దేరలేదు, ఇంత వానలో ఎవరు దింపుతారు, అందరూ ఇళ్లకి పోయుంటారు అని నేనే ఆపేను. నేనే. మీ బావగారు “అంజిగాడు ఫోన్ చేసేడా” అని అడిగేరు. “ఇప్పుడు ఎవరూ మిస్డ్ కాల్ ఇవ్వట్లేదు కదండీ, ఇంటికి పోయుంటాడు” అన్నాను. ఆయన గుమ్మం దగ్గర కాసేపు నుంచుని వాన చూసి లోపలికి వచ్చేసేరు.

చీకటి పడుతుంటే భవాని గొడుగేసుకుని కొట్టుకొచ్చింది, “ఆయన ఇక్కడున్నారా అక్కా” అని. అప్పుడు పరిగెత్తేం. బురదలో వెల్లకిలా ఉన్నాడు. స్పృహలోనే ఉన్నాడు. మమ్మల్ని చూసి “ఆలస్యమైందేంటి” అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా.

ఆ మాట నాకు అర్థం కాలేదు. కాకినాడ నుంచి వచ్చేక అర్థమైంది. నువ్వు రాసేవు కదా, ఆ మెయిల్ తెరుస్తున్నావా అని. నేను ఒక్క రోజు కూడా తెరవలేదే. పని మీద పడి మర్చిపోయేను. ఆ రోజు తెరిచేను. వాడి “దిగేనక్కా”లన్నీ వరసగా ఉన్నాయి. ఆఖర్న ఆ రోజువి.

ఫోను వాడి నడుముకే ఉందంట. అద్దం పగిలిపోయి, చేసిన నంబర్ల లిస్టులో పైనున్న నంబరొక్కటే నొక్కుడు పడింది. అది మా కొట్టుదే.

మొదటిది, “అక్కా, పడ్డానే. మట్ట ఊడిపోయింది. రమణక్కని బావని పంపమను.” అంతే, పెట్టేసేడు. చెప్పేను కదా, వస్తారు అనుకున్నాడు. రోజూ చెప్తే వ్యాను వచ్చేది కదా.

తరవాతది, “ఆయ్, నేనేనక్కా. చెప్పేవా? కాళ్లు తెలీట్లేదే.” వెనకాల వాన చప్పుడు.

ఇంకోటి, “రెండు నొక్కమంటున్నావు, నొక్కుతుంటే పడట్లేదక్కా. కింద అద్దం పోయింది. నువ్వే పంపించు.” 

ఆఖరిదాంట్లో ఏం లేదు. వానే. నువ్వు చెప్పేది విందామని చేసేడేమో.

నేను కొట్లోనే ఉన్నానే ఆ వేళంతా. ఖాళీగా. ఫోను నా పక్కనే ఉంది, ఒక్క రింగు కూడా మోగలేదు. ఎంత ప్రశాంతంగా ఉందో ఈ మెషీను వచ్చేక అనుకున్నాను కూడా.

కాలు అని అబద్ధం రాసేను. నీకు చెప్పే ధైర్యం లేక. నన్ను ఏమన్నా అను.

రమణి

*

షార్జా,
సెప్టెంబర్

రమణీ,

నిన్ను తిడదామని చాలాసార్లు కూర్చున్నాను. నీ ఇల్లు కూలిపోవాలని కూడా ఒకసారి రాసి చెరిపేసేను. నీకు తెలియాలి కాబట్టి చెప్తున్నాను. ఒక్క రోజు తెరిచి వినుంటే వాడికి చెప్పేదానివి కదా, ఇలా చెప్తే మాకు వినపడదురా, రింగివ్వు అని. ఒక్క రోజు.

తరవాత నీ పాత ఉత్తరం తీసి చూసేను. బావగారు వద్దన్నారని రాసేవు. మిస్డ్ కాల్ చాలన్నారు. ఎన్నాళ్లే ఆ పద్ధతి అని నేనే రాసేను. మొదటి రింగుకే ఎత్తించమంది నేను. “మేం వింటాం” అన్నది నేను. ఎవరు వింటారే? నేనా?

నీకో సంగతి చెప్పలేదు. నువ్వు ఏ ఫోను కొనాలని అడిగేటప్పటికే నా కుర్చీ తీసేసేరు. మా ఆస్పత్రిలోనూ అలాంటిదే పెట్టేరు, అదే ఎత్తుతుంది, అదే అపాయింట్‌మెంట్ ఇస్తుంది. నన్ను వెనక గదిలో డాక్టర్లు వాడిన పనిముట్లు కడిగి వేడి పెట్టెలో పెట్టే పనిలో వేసేరు. ఖాళీగా ఉన్నానన్నది అందుకే. అమ్మకి చెప్పలేదు, నీకూ చెప్పలేదు. ఆ మెషీను మంచిదని నీకు అంత గట్టిగా ఎందుకు రాసేనో తెలుసా? నా పని ఇంకా నాకే తెలుసు అనిపించుకుందామని. నా గొంతైనా ఒకచోట ఉద్యోగం చేస్తుందని.

ఆ రోజు వాడు అక్కడ పడున్నప్పుడు నేను చేతులకి తొడుగులేసుకుని ట్రేలు కడుగుతున్నాను. వాడితో నేను ఎంత మర్యాదగా మాట్లాడి ఉంటానో. ప్రతిసారీ నమస్కారమండీ అని.

ఇప్పుడు వస్తానంటే పంపేస్తారు. కానీ మళ్లీ రానివ్వరు, ఈ పనికి మనుషులు వరసలో ఉన్నారు. వాడి మందులు, భవాని, వాళ్ల పిల్ల, అమ్మ, అందరూ ఈ ట్రేల మీదే ఉన్నారు. రాకపోతే అక్కని కాను. వస్తే వాళ్లకి మందుల్లేవు. ఏది నొక్కాలో నువ్వు చెప్పు.

ఆ మాటలు నాకు పంపు. అన్నీ. చెరిపెయ్యకు.

దుర్గ

*

రాజోలు,
అక్టోబర్

దుర్గా,

పంపేను, వచ్చేయా? వినేటప్పుడు ఒక్కదానివే ఉండకు. ఆ ఫిలిప్పీన్స్ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకో, దానికి తెలుగు రాదు, పర్లేదు.

ఏది నొక్కాలని నన్ను అడిగేవు. రోజూ ఆలోచిస్తున్నాను, నాకూ తెలీట్లేదే.

ఫోను తీయించేసేను. నాగసతీష్ గారు వచ్చి, “తప్పు మెషీనుది కాదమ్మా, అది చెప్పిన పని చేసింది” అన్నారు. ఆయన చెప్పింది నిజమే. పాత నంబరు కూడా దాంతోనే పోయింది. బెంగుళూరు పార్టీ ఇంకో కొట్టుకి మారిపోయేడు. అసలు కాయ దింపే మనిషే దొరకట్లేదు. సాలమోను మొహమాటస్తుడు కదా, రానని చెప్పలేక, “మీ తోటలు కాస్త దూరమండీ” అన్నాడు. ఇన్నేళ్లూ దూరం లేదు. సగం రోజులు కొట్టు తలుపులు దగ్గరికి వేసే ఉంటున్నాయి. మీ బావగారు మాత్రం మధ్యాహ్నం భోజనం చేసేక బండి తీస్తున్నారు. ఎక్కడికండీ అంటే చెప్పరు. ఆ లంక గట్టు దాకా వెళ్లి వస్తున్నారంట.

అంజిని ఇంటికి తెచ్చేం. వీపు కింద పుండు పడింది. భవాని, నేను చెరో పక్కా పట్టుకుని తిప్పుతాం. భవాని నాతో మాట్లాడదు, కానీ నేను వెళ్లే వేళకి నీళ్లు కాచి ఉంచుతుంది. పిన్ని అయితే నా చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది, ఒక్కోసారి ఎందుకు పట్టుకుందో గుర్తొచ్చినట్టు వదిలేస్తుంది. మందులకి నువ్వు ఒక్కదానివే పంపుతున్నానని అనుకోకు. వ్యాను అమ్మేసేం. వద్దని రాయకు, అయిపోయింది.

వాడు నన్ను అక్కా అనడం మానలేదే. అదొక్కటి మానేసుంటే కొంచెం ఊపిరి తీసుకునేదాన్ని. రోజంతా పైకప్పు కేసి చూస్తాడు. చెట్ల గురించి మాట్లాడడు. నిన్న జ్వరం తగ్గేక, దుప్పటి సర్దుతుంటే అడిగేడు, “రమణక్కా, నేను చెప్పినవి దుర్గక్క విందా?” అని.

పంపేను కదా, వినే ఉంటావు కదా. విందిరా అన్నాను.

వాడి మొహం ఎన్నాళ్లకో తేటపడింది. “ఆయ్, అయితే వస్తుందిలే” అని కళ్లు మూసుకున్నాడు. ఇవాళ పొద్దున్నుంచీ గుమ్మంలో ఎవరి చెప్పుల చప్పుడైనా తల ఇటు తిప్పుతున్నాడు.

నువ్వు రావడం ఎంత కష్టమో వాడికి నేను చెప్పలేను. వస్తావని ఇంకోసారి చెప్పే నోరూ లేదు నాకు. మనం కలిసేది ఎప్పుడే, దుర్గా? ఎప్పుడొస్తావు?

రమణి